నెట్, సెట్, గేట్: ఏది దేనికి చెల్లుతుంది, ఎంతకాలం చెల్లుతుంది

పీజీ చివరి సంవత్సరంలో హాస్టల్ గదుల్లో ఎక్కువగా నలిగే ప్రశ్న ఒకటుంది. నెట్ కష్టమా, గేట్ కష్టమా, సెట్ తేలికా? ఈ పేరుతో యూట్యూబ్‌లో వీడియోలకు కొదవ లేదు. కానీ ఆ ప్రశ్నకు ఎంత నిజాయితీగా జవాబు చెప్పినా విద్యార్థికి ఒరిగేది తక్కువ. ఎందుకంటే ఈ పరీక్షలు పెట్టింది ఒకే పనికి కాదు. కాలేజీలో పాఠం చెప్పడానికి అర్హత ఇవ్వడం ఒక పని. పరిశోధన చేసినంతకాలం నెలనెలా డబ్బు ఇవ్వడం రెండో పని. పీహెచ్‌డీ సీటుకు మనిషిని ఎంచడం మూడో పని. రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష సెట్ మొదటిది మాత్రమే చేస్తుంది. ప్రధానంగా ఎంటెక్ వంటి ప్రవేశాలకు పెట్టే గేట్ మొదటిదాని జోలికే పోదు. యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ తరఫున దేశమంతటా జరిగే యూజీసీ నెట్ చాలాకాలం మొదటి రెండూ చేసి, 2024 నుంచి మూడోదాన్ని కూడా నెత్తికెత్తుకుంది. ఇప్పుడున్న గందరగోళంలో చాలా భాగం అక్కడి నుంచే వస్తోంది.

నెట్ వెనుక ఉన్న ఆలోచనలో తప్పు పట్టడానికేం లేదు. ఒక యూనివర్సిటీ ఇచ్చిన 60 శాతం, మరో యూనివర్సిటీ ఇచ్చిన 60 శాతం ఒకటి కావు. లెక్చరర్ పోస్టుకు వచ్చిన దరఖాస్తులను డిగ్రీ మార్కులతో మాత్రమే తూచడం కుదరదు. అధ్యాపకుల జీతాలను సమీక్షించిన మెహ్రోత్రా కమిటీ 1986లో దేశమంతటికీ ఒకే అర్హత పరీక్ష ఉండాలని సిఫారసు చేసింది. 1988లో కేంద్రం ఆ బాధ్యతను యూజీసీకి అప్పగించింది. 1989 డిసెంబర్‌లో మొదటి నెట్ జరిగింది. సైన్స్ సబ్జెక్టులను శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్‌తో కలిసి, భాషలు, సామాజిక శాస్త్రాల వంటివాటిని సొంతంగా నిర్వహించాలని యూజీసీ నిర్ణయించుకుంది. పరిశోధన ఫెలోషిప్ కోసం పెట్టే పరీక్ష అప్పటికే ఉంది. దానికే బోధన అర్హతను కూడా జోడించారు. అలా మొదటి రోజు నుంచే ఒక ప్రశ్నపత్రం రెండు ఫలితాలు ఇచ్చింది. పైవరుసలో నిలిచిన కొద్దిమందికి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్, వారి కింద ఉన్నవారికి బోధన అర్హత మాత్రమే.

ఆ తర్వాత 35 ఏళ్లలో పరీక్ష పెట్టేవాళ్లు మారారు, పత్రం తీరు మారింది. 2014 డిసెంబర్ నుంచి సీబీఎస్‌ఈ, 2018 డిసెంబర్ నుంచి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ యూజీసీ నెట్ నిర్వహణ చేపట్టాయి. 2012 జూన్ పరీక్షకు ముందు మూడో పేపర్‌లో అభ్యర్థి వ్యాసరూపంలో జవాబులు రాసేవాడు. ఆ పరీక్ష నుంచి అదీ బహుళైచ్ఛిక ప్రశ్నల్లోకి మారింది. 2018 జూలైలో మూడు పేపర్లు రెండయ్యాయి. లక్షలాది పత్రాలను త్వరగా, పక్షపాతం లేకుండా దిద్దడానికి ఇది పనికొచ్చింది. పోయింది కూడా తక్కువేం కాదు. చరిత్రలోనో సాహిత్యంలోనో పరిశోధన చేయబోయే మనిషి నాలుగు పేజీలు పొందికగా రాయగలడా లేదా అని ఈ దేశవ్యాప్త పరీక్ష ఇప్పుడు అడగడం లేదు.

నెట్ చాలా, పీహెచ్‌డీ కావాలా

ఈ విషయంలో యూజీసీ మాట మీద నిలబడి జీవితం ప్లాన్ చేసుకున్నవాళ్లు చాలాసార్లు దెబ్బతిన్నారు. 2006లో ఎంఫిల్ ఉన్నవారికి డిగ్రీ స్థాయిలో, పీహెచ్‌డీ ఉన్నవారికి పీజీ స్థాయిలో కూడా నెట్ నుంచి మినహాయింపు ఇచ్చారు. 2009 నిబంధనలు దాన్ని చాలావరకు వెనక్కి తీసుకున్నాయి. కోర్సువర్క్ వంటి కొత్త షరతుల ప్రకారం పీహెచ్‌డీ చేసినవారికే మినహాయింపు మిగిలింది. పాత పీహెచ్‌డీలు ఉన్నవారు కోర్టులకు వెళ్లారు. 2015లో పి. సుశీల కేసులో సుప్రీంకోర్టు యూజీసీ పక్షానే నిలిచింది.

2018 నిబంధనలు మళ్లీ కొత్త మలుపు తిప్పాయి. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు 2021 జూలై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అన్నారు. కోవిడ్ కారణంగా గడువు 2023 జూలైకి జరిగింది. ఆ నెల వచ్చేసరికి యూజీసీ ఆ షరతునే ఎత్తేసింది. నెట్, సెట్, స్లెట్ (సెట్‌కే మరో పేరు)లలో ఏదో ఒకటి కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికం అని తేల్చింది. ఈ ఐదేళ్లలో 'డాక్టరేట్ లేకపోతే యూనివర్సిటీ గేటు దాటలేం' అనుకుని, గైడ్ దొరికిన చోటల్లా రిజిస్టర్ చేసుకున్నవారి సంగతి ఏ గెజిట్‌లోనూ కనిపించదు. కాబట్టి 'ఈ పరీక్ష పాసైతే ఇక ఢోకా లేదు' అనే మాటను ఏ పరీక్ష విషయంలోనైనా కాస్త అనుమానంతోనే వినాలి.

గీత ఎక్కడ గీస్తారు

పోల్చి చూడాల్సిన అసలు విషయం ఇదే. ఎంత వస్తే పాస్ అన్న నిర్ణయం ఒక్కో పరీక్షలో ఒక్కోలా జరుగుతుంది. దాన్నిబట్టే ఆ పరీక్ష స్వభావం ఏమిటో తెలుస్తుంది.

యూజీసీ నెట్‌లో కనీస మార్కులు ఉన్నాయి. రెండు పేపర్లు కలిపి జనరల్ వారికి 40 శాతం, రిజర్వుడు వర్గాలకు 35 శాతం. కానీ అవి దాటితే పాస్ అయినట్టు కాదు. రెండు పేపర్లూ రాసినవారిలో 6 శాతం మందికి సరిపడా స్థానాలను లెక్కగట్టి, వాటిని రిజర్వేషన్ వర్గాలకు, ఆ తర్వాత సబ్జెక్టులకు పంచుతారు. ఆ స్థానాల్లోకి వచ్చినవారే అర్హులు. 2017కు ముందు పద్ధతి వేరు. కనీస మార్కులు దాటినవారిలో పై 15 శాతాన్ని తీసుకునేవారు.

కనీస మార్కులు ఎందుకు నామమాత్రమో చిన్న లెక్క చెబుతుంది. పేపర్లలో మొత్తం 150 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, తప్పు జవాబుకు కోత లేదు. ఏమీ చదవకుండా వెళ్లి గుడ్డిగా టిక్కులు పెట్టినా సగటున నాలుగో వంతు సరైనవి అవుతాయి. అంటే 300కు 75. రిజర్వుడు వర్గాల కనీసం 105, జనరల్ కనీసం 120. అదృష్టానికీ అర్హతకూ మధ్య దూరం మరీ ఎక్కువేం కాదు. కాబట్టి నిజంగా వడపోసేది కనీస మార్కులు కాదు, స్థానాల సంఖ్య.

దీనివల్ల ఒక అపోహ కూడా తొలగిపోవాలి. 'తక్కువమంది రాసే సబ్జెక్టు తేలిక' అనే ప్రచారం తెలుగు, సంస్కృతం, ఫిలాసఫీ వంటి సబ్జెక్టుల గురించి వినిపిస్తుంటుంది. స్థానాలను సబ్జెక్టు రాసినవారి నిష్పత్తిలోనే పంచుతారు కాబట్టి, తక్కువమంది రాస్తే స్థానాలూ తక్కువే. తెలుగు రాసేవారు పోటీ పడేది కామర్స్ వాళ్లతో కాదు, తెలుగు ఎంఏలతోనే. ఆ గుంపు ఎంత బలంగా ఉందన్నదే లెక్క.

ఈ గీత పరీక్ష తర్వాత కూడా జరగగలదని 2012లో అందరికీ తెలిసొచ్చింది. ఆ జూన్ పరీక్షకు నోటిఫికేషన్ పేపర్లవారీగా కనీస మార్కులు చెప్పింది. ఫలితాల సమయంలో మాత్రం యూజీసీ మూడు పేపర్ల మొత్తంలో జనరల్ వారికి 65 శాతం, ఓబీసీలకు 60, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 55 శాతం రావాలని నిర్ణయించింది. నోటిఫికేషన్‌లోని కనీసం దాటి, ఫలితాల్లో పేరు లేనివారు బాంబే, కేరళ హైకోర్టుల్లో గెలిచారు. 2013 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను పక్కనపెట్టి, తుది ప్రమాణం నిర్ణయించే అధికారం యూజీసీకి ఉందని చెప్పింది. చట్టప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ అభ్యర్థి వైపు నుంచి చూస్తే, అర్హత అంటే ముందే తెలిసిన మెట్టు కాదని, పక్కవాడి మార్కులను బట్టి కదిలే మెట్టని అప్పుడే అధికారికంగా తేలింది.

వైద్యుడికో లాయర్‌కో పెట్టే అర్హత పరీక్షలో ఒక స్థాయి దాటిన అందరూ పాస్ అవుతారు. నెట్ అలా కాదు. ఒక ఏడాది బాగా చదివినవాళ్లు ఎక్కువమంది వస్తే, నిరుడు పాసైన మార్కులతో ఈ ఏడు ఫెయిల్ కావచ్చు. ఫెలోషిప్‌కు ఇది సమంజసమే. ప్రభుత్వ డబ్బు పరిమితం, కాబట్టి మెరిట్ వరుస ఉండాల్సిందే. బోధన అర్హతకు మాత్రం ఈ కోటా పద్ధతికి బలమైన సమర్థన కనిపించదు. పోస్టుల కోసం పోటీ ఎలాగూ నియామకం దగ్గర మరోసారి జరుగుతుంది.

ఇంతకు పూర్తి భిన్నమైన పద్ధతి వ్యవసాయ రంగంలో ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి, అంటే ఏఎస్‌ఆర్‌బీ, నిర్వహించే నెట్‌లో జనరల్ వారికి 50 శాతం, ఓబీసీలకు 45, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే అర్హులే. ఎంతమంది దాటారన్న దానితో పనిలేదు. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వర్సిటీలోనో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ వర్సిటీలోనో పాఠం చెప్పాలనుకునేవారు చూడాల్సింది ఈ పరీక్షను. యూజీసీ నెట్‌ను కాదు. దీనితో ఫెలోషిప్ రాదు. ఇక్కడ ఇంకో తికమక ఉంది. వ్యవసాయ విద్యలో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) జేఆర్‌ఎఫ్ అంటే ఎమ్మెస్సీ చదవడానికి ఇచ్చేది, పీహెచ్‌డీకి ఇచ్చేది కాదు. ఇతర రంగాల వాళ్లు ఆ పేరు విని పొరబడటం మామూలే.

గేట్‌ది మూడో దారి. అందులో జనరల్ వారి అర్హత మార్కు కనీసం 25, లేదా ఆ పేపర్ రాసినవారి సగటుకు ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కలిపితే వచ్చేది, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వారికి అందులో 90 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు మూడింట రెండు వంతులు. పోటీదారుల స్థాయిని ఇదీ లెక్కలోకి తీసుకుంటుంది. కానీ ఇంతమందే పాస్ కావాలన్న కోటా లేదు. పైగా గేట్‌లో పాస్ అనే మాటకు విలువ తక్కువ. ఐఐటీ అయినా ప్రభుత్వరంగ సంస్థ అయినా చూసేది స్కోరునే.

సైన్స్ వాళ్ల నెట్ వేరు

సీఎస్‌ఐఆర్ నెట్‌లో సబ్జెక్టులు ఐదే: రసాయన, భౌతిక, గణిత, జీవ, భూ శాస్త్రాలు. బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ అన్నీ లైఫ్ సైన్సెస్ అనే ఒకే గొడుగు కిందికి వస్తాయి. జిల్లా కాలేజీలో బోటనీ ఎమ్మెస్సీ చేసిన విద్యార్థికి మొక్కల వర్గీకరణ కొట్టినపిండి కావచ్చు. పరీక్షలో ఎదురయ్యేది మాత్రం చాలావరకు మాలిక్యులర్ బయాలజీ, జెనెటిక్స్, ప్రయోగ పద్ధతులు. స్టాటిస్టిక్స్ వాళ్లు మ్యాథ్స్‌లో కలుస్తారు. కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మాత్రం యూజీసీ నెట్‌లో ఉంటాయి. జియాలజీ ఇక్కడ, జాగ్రఫీ అక్కడ.

పత్రం తీరులో ఉన్న తేడా ఇంకా పెద్దది. లైఫ్ సైన్సెస్‌లో 145 ప్రశ్నలిచ్చి 75 రాయమంటారు. మ్యాథ్స్‌లో 120 ఇచ్చి 60. అంటే ఏది వదలాలో తెలియడం కూడా పరీక్షే. లైఫ్ సైన్సెస్‌లో తప్పు జవాబుకు పావు వంతు కోత ఉంటుంది కాబట్టి నాలుగు మార్కుల ప్రశ్నలో గుడ్డిగా గురిపెడితే సగటున దక్కేది పావు మార్కే. మ్యాథ్స్ చివరి భాగంలో కోత లేదు. కానీ సరైన జవాబులు ఒకటికి మించి ఉండొచ్చు, అన్నీ గుర్తిస్తేనే 4.75 మార్కులు. అందుకే ఇక్కడి కనీసం జనరల్ వారికి 33 శాతమే అయినా, అది యూజీసీ నెట్‌లోని 40 శాతం కంటే బరువైనది. శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఈ సంగతి మర్చిపోతారు.

యూజీసీ నెట్‌లో కోత లేకపోవడం వల్ల ఎవరూ ప్రశ్న వదలరు. అక్కడ గెలిపించేది విస్తృతి. మొదటి పేపర్ అందరికీ ఒకటే, పది యూనిట్లు. బోధనా సామర్థ్యం, పరిశోధనా పద్ధతులు, గణాంక విశ్లేషణ, కంప్యూటర్ పరిజ్ఞానం, పర్యావరణం, ఉన్నత విద్యావ్యవస్థ వంటివి. తర్కశాస్త్రం యూనిట్‌లో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి, అనుపలబ్ధి అనే భారతీయ తర్కంలోని జ్ఞానమార్గాలు కూడా వస్తాయి. తెలుగు, సంస్కృతం ఎంఏలకు ఇది అనుకోని వరం. ఫిజిక్స్ మనిషి ఈ పేపర్ రాయనవసరం లేదు. సీఎస్‌ఐఆర్ పత్రంలో మొదటి భాగం 30 మార్కుల జనరల్ ఆప్టిట్యూడ్‌తో సరిపెడతారు. బోధన అర్హత ఇచ్చే ఆ సైన్స్ పరీక్షలో బోధన గురించి ప్రత్యేకంగా అడిగేది ఏమీ లేదన్నది కాస్త విచిత్రమే. అయినా యూజీసీ పేపర్‌లోని బోధన ప్రశ్నలు కూడా ఓఎంఆర్ బాపతు జ్ఞానాన్నే పరీక్షిస్తాయి. తరగతిలో నిలబడి పది నిమిషాలు మాట్లాడమని ఏ పరీక్షా అడగదు.

గేట్‌లో 65 ప్రశ్నలు, 100 మార్కులు. కొన్నింటికి ఆప్షన్లే ఉండవు, లెక్క చేసి అంకెను టైప్ చేయాలి. కొన్నింటికి ఒకటికి మించి సరైన జవాబులు ఉంటాయి. పై వయసు పరిమితి లేదు, డిగ్రీ మూడో సంవత్సరం నుంచే రాయొచ్చు. ఇప్పుడు హ్యుమానిటీస్ పేపర్ కూడా ఉంది. కానీ గేట్ స్కోరు పట్టుకుని డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్ పోస్టుకు వెళ్తే లోపలికి రానివ్వరు. ఇంజినీరింగ్ కాలేజీ సంగతి మరోలా ఉంటుంది. అక్కడ సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం బీటెక్, ఎంటెక్ ఉండి, రెండింట్లో ఒకటైనా ఫస్ట్ క్లాస్ అయితే చాలు. నెట్ అడగరు. గేట్ ఆ ఎంటెక్ సీటుకూ, దాంతోపాటు వచ్చే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌కూ దారి. పాఠం చెప్పే అర్హత వచ్చేది డిగ్రీలతోనే.

ఫిజిక్స్‌కు కొన్ని పరిశోధన సంస్థల ఉమ్మడి పరీక్ష జెస్ట్, టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ సొంత పరీక్ష వంటివి కూడా ఉన్నాయి. అవి ఫలానా సంస్థల్లో ప్రవేశానికే. బోధన అర్హతతో వాటికి సంబంధం లేదు.

ఒక మార్కు ఖరీదు

జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా మూడేళ్లు 42,000. రెండేళ్లకు 8.88 లక్షలు, మూడేళ్లకు 15.12 లక్షలు, మొత్తం సరిగ్గా 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం, పుస్తకాలు, ప్రయాణాల ఖర్చు కింద ఇచ్చే కంటింజెన్సీ దీనికి అదనం. జేఆర్‌ఎఫ్ గీతకు ఒక్క మెట్టు కింద ఆగి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత మాత్రమే తెచ్చుకున్నవారికి దీంట్లో వచ్చేది సున్నా. ఇద్దరి చేతిలోనూ నెట్ సర్టిఫికెట్ ఉంటుంది.

మధ్యే మార్గాలు కొన్ని ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీల్లో జేఆర్‌ఎఫ్ లేకుండా పీహెచ్‌డీ చేసేవారికి నాన్‌నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 ఇస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇంగ్లిష్, విదేశీ భాషల వర్సిటీ ఇఫ్లూల్లో చదివేవారికి ఇది తెలిసిందే. 2015 అక్టోబర్‌లో దీన్ని ఆపేయాలని యూజీసీ అనుకున్నప్పుడు ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ కార్యాలయం ముందు బైఠాయించారు. ఆ మొత్తం మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. హైదరాబాద్‌లో షేరింగ్ గదికీ మెస్సుకూ పెడితే ఏం మిగులుతుందో లెక్క వేయనక్కర్లేదు. ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, వేంకటేశ్వర వంటి రాష్ట్ర వర్సిటీల వారికి ఈ పథకం వర్తించదు.

సైన్స్ వాళ్లకు ఇంకో కిటికీ ఉంది. కేంద్ర సంస్థల నిధులతో నడిచే పరిశోధన ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్‌గా చేరేవారికి నెట్ బోధన అర్హత (లెక్చరర్‌షిప్) గానీ గేట్ గానీ ఉంటే అదే 37,000 ఇవ్వొచ్చు. ఐఐసీటీ, సీసీఎంబీ, డీఆర్‌డీవో లేబొరేటరీలు ఉన్న హైదరాబాద్‌లో ఇది నిజంగా పనికొచ్చే దారి. లోపం ఒకటే. ఆ డబ్బు ప్రాజెక్టుది, అభ్యర్థిది కాదు. ప్రాజెక్టు ముగిస్తే ఫెలోషిప్పూ ముగుస్తుంది, పీహెచ్‌డీ మధ్యలో ఉన్నా సరే. సొంత జేఆర్‌ఎఫ్ ఉన్న మనిషి గైడ్‌ను ఎంచుకుంటాడు. లేనివాడిని గైడ్ ఎంచుకుంటాడు. లేబొరేటరీల్లో ఈ తేడా అందరికీ తెలుసు.

వయసు సంగతి కూడా ఇక్కడే చూడాలి. యూజీసీ జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్లు పరిమితి, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, నాన్‌క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు ఐదేళ్లు సడలింపు. బోధన అర్హతకు పరిమితే లేదు. ఇంటికోసం ఏళ్ల తరబడి ఏదో ఒక ఉద్యోగం చేసి, ఆ వయసు దాటాక తిరిగి చదువు వైపు వచ్చినవాడికి అర్హత దొరుకుతుంది, డబ్బు దొరకదు. డబ్బు ఎవరికి అత్యవసరమో వారికే దూరమయ్యే ఏర్పాటు ఇది.

సెట్‌ను చిన్నచూపు చూడటం

నెట్ రాని వాళ్లు రాసేది సెట్ అనే అభిప్రాయం మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ, తెలంగాణలో ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహించే ఈ పరీక్షకు యూజీసీ గుర్తింపు ఉంది. ప్రశ్నల సంఖ్య, మార్కులు, 6 శాతం సూత్రం అన్నీ నెట్‌వే. డిగ్రీ లెక్చరర్ పోస్టుకు రెండు సర్టిఫికెట్లూ సమానమే. ఫెలోషిప్ లేదు, పై వయసు పరిమితీ లేదు.

తేడా వచ్చేది రెండు చోట్ల, రెండూ ముఖ్యమైనవే. యూజీసీ నెట్‌లో భాషా సబ్జెక్టులు మినహా మిగతా పత్రాలన్నీ ఇంగ్లిష్, హిందీల్లోనే. లక్నో విద్యార్థి పొలిటికల్ సైన్స్‌ను తాను చదివిన భాషలో రాయగలడు, కరీంనగర్ విద్యార్థి రాయలేడు. సెట్‌లో మొదటి పేపర్, కొన్ని సామాజిక శాస్త్రాల పేపర్లు తెలుగులోనూ ఉంటాయి. తెలుగు మీడియంలో డిగ్రీ, పీజీ చేసినవారికి ఇది రాయితీ కాదు, సమాన అవకాశం. రెండోది రిజర్వేషన్. నెట్‌లో కేంద్ర ఓబీసీ జాబితా, అదీ ఒకే గంప. సెట్‌లో రాష్ట్రాల బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ వర్గీకరణ. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాల వారికి రెండు పరీక్షల్లో రెండు వేర్వేరు పోటీలు.

బదులుగా కోల్పోయేది సరిహద్దు. 2002 జూన్ 1కి ముందు సెట్, స్లెట్ పాసైనవారికి దేశమంతా చెల్లుతుంది. ఆ తర్వాత పాసైనవారికి ఆ రాష్ట్రంలోనే. ఏపీ సెట్‌తో కర్నూలులో పాఠం చెప్పొచ్చు, తుంగభద్ర దాటి గద్వాలలో చెప్పలేం. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంటే సెట్‌కు క్యాలెండర్ అనేదే లేదు. ఏపీ సెట్ 2021 అక్టోబర్ తర్వాత మళ్లీ 2024 ఏప్రిల్‌లో జరిగింది.

అర్హత చేతికొచ్చాక పోస్టు సంగతి వేరే కథ. 2023 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనివర్సిటీల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీని ప్రకటించింది. అది కోర్టు వివాదాల్లో చిక్కుకుంది. నెట్, సెట్ రెండూ ఉండి, గంటల లెక్కన జీతం తీసుకుంటూ గెస్ట్ ఫ్యాకల్టీగా పనిచేసేవారు రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తారు.

మూడు పనులు, ఒకే పరీక్ష

2024 మార్చిలో యూజీసీ నెట్‌కు మూడో పని అప్పగించింది. పీహెచ్‌డీ ప్రవేశాలకు యూనివర్సిటీలు వేర్వేరు పరీక్షలు పెట్టే బదులు నెట్ స్కోరు వాడుకోవచ్చంది. ఫలితాలు ఇప్పుడు మూడు వరుసల్లో వస్తాయి. మొదటి వరుసకు జేఆర్‌ఎఫ్, బోధన అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ. రెండో వరుసకు బోధన అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడో వరుసకు పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు వరుసల వారికి స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉన్నవారికీ జేఆర్‌ఎఫ్, పీహెచ్‌డీల కోసం రాసే వీలు కల్పించారు.

ఊరూరా తిరిగి పది ఎంట్రన్సులు రాయాల్సిన పని తప్పుతుందన్న వాదనలో నిజం ఉంది. జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ వంటివి వెంటనే అటు మళ్లాయి. కానీ అన్నింటినీ ఒకే పరీక్షకు కట్టేస్తే ఏమవుతుందో తెలియడానికి మూడు నెలలు కూడా పట్టలేదు. కంప్యూటర్ మీద జరుగుతున్న పరీక్షను మళ్లీ ఓఎంఆర్‌కు మార్చి 2024 జూన్ 18న ఒకే రోజు పెట్టారు. తొమ్మిది లక్షల మందికి పైగా రాశారు. మర్నాడే రద్దయింది. ప్రశ్నపత్రం ముందే బయటికొచ్చిందన్న సమాచారమే కారణం. దానికి ఆధారంగా చూపిన స్క్రీన్‌షాట్ మార్ఫ్ చేసిందని సీబీఐ దర్యాప్తులో తేలినట్టు తర్వాత వార్తలు వచ్చాయి. సీఎస్‌ఐఆర్ నెట్ కూడా వాయిదా పడి జూలైలో జరిగింది. యూజీసీ నెట్‌ను ఆగస్టు, సెప్టెంబర్‌లలో మళ్లీ పెట్టారు. ఉద్యోగ అర్హత, ఫెలోషిప్, పీహెచ్‌డీ అడ్మిషన్ మూడూ అంతకాలం ఆగిపోయాయి.

తిరిగి పెట్టిన ఆ పరీక్షను 6,84,224 మంది రాశారు. జేఆర్‌ఎఫ్ వచ్చింది 4,970 మందికి, నూటికి ఒకరు కూడా కాదు. బోధన అర్హత వరకు వచ్చినవారు ఇంకో 53,694 మంది. ఆరు శాతం సూత్రం ఉన్నా చివరికి తేలే సంఖ్య దానికంటే పైనే ఉంటుందని ఈ అంకెలే చెబుతున్నాయి. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులైనవారు 1,12,070 మంది.

చిక్కు ఈ చివరి గుంపుది. ఈ పరీక్షలు ఇచ్చేవాటికి కాలపరిమితులు ఒకలా లేవు. నెట్ బోధన అర్హత జీవితాంతం ఉంటుంది. సెట్‌దీ అంతే, రాష్ట్రం లోపల. జేఆర్‌ఎఫ్ లెటర్ ఉన్నవారు మూడేళ్లలో పీహెచ్‌డీలో చేరాలి. గేట్ స్కోరుకు మూడేళ్లు. పీహెచ్‌డీ ప్రవేశం కోసం ఇచ్చే నెట్ స్కోరుకు ఒక్క ఏడాదే. సెంట్రల్ యూనివర్సిటీలు ఏటా నోటిఫికేషన్ ఇస్తాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. తెలుగు రాష్ట్రాల వర్సిటీల్లో పీహెచ్‌డీ నోటిఫికేషన్ గైడ్‌ల ఖాళీలను బట్టి వస్తుంది, ఆ ఖాళీలు రెగ్యులర్ ప్రొఫెసర్ల సంఖ్యను బట్టి ఉంటాయి, ఆ ప్రొఫెసర్లేమో ఏటా రిటైరవుతున్నారు. ఫిబ్రవరిలో స్కోరు వచ్చిన విద్యార్థికి తన సబ్జెక్టులో నోటిఫికేషన్ మరుసటి మార్చిలో పడితే ఆ స్కోరు పనికిరాదు. మళ్లీ ఫీజు కట్టి అవే 150 ప్రశ్నలకు కూర్చోవాలి.